ఫ్రెంచి గొర్రెలు, నల్గొండ ఎండ

మా పెళ్లి ఫొటోలో నేను కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాను. కొత్తగా చూసినవాళ్లు ఏదో సంస్థానం నుంచి దిగొచ్చిన మనిషి అనుకుంటారు. సంగతేమిటంటే ఆ చొక్కా నేనే కుట్టుకున్నాను. కుడి చెయ్యి ఎడమదానికంటే బెత్తెడు పొట్టిగా వచ్చింది. ఫొటో తీసేవాడు చూసి చూసి, "అన్నా, గా చెయ్యి జర ఎన్కకు పెట్టు" అన్నాడు. అప్పటినుంచి చొక్కాలు మానేసి కర్టెన్లు కుడుతున్నాను. కిటికీలకు చేతులుండవు.

మా దుకాణం నల్గొండలో గడియార స్తంభం దాటాక వచ్చే ఒక సందులో ఉంది. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో మేము, పైన డాబా. నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. లెక్కల సారు రోజూ బెంచీ ఎక్కించేవాడు. ఆ ఎత్తు నాకు అలవాటైపోయింది, ఇప్పటికీ పొద్దంతా స్టూలెక్కి రాడ్లు బిగిస్తూనే ఉంటాను. మా ఇంటామె పది పాసైంది. కొలతలు ఆమె రాస్తుంది, కత్తెర నేను పడతాను. తేడా వస్తే ఎవరివల్లో వేరే అడగక్కర్లేదు. చేతికుట్టు మాత్రం పూర్తిగా ఆమెదే. ఆమె టాకా వేస్తే వేసినట్టే కనిపించదు. నేను వేస్తే సందు చివరి దాకా కనిపిస్తుంది.

తెలంగాణ వచ్చాక నల్గొండ చుట్టూ ప్లాట్లు లేచాయి. ప్లాట్లలో ఇళ్లు లేచాయి, ఇళ్లకు కిటికీలు వచ్చాయి, నాకు చేతినిండా పని దొరికింది. అలాంటి ఒక ఎండాకాలంలో ఒక మేడం మా దుకాణానికి వచ్చారు. నల్గొండ మనిషే. యానాంలో కాలేజీలో చాలా ఏళ్లు చరిత్ర చెప్పి, రిటైరై, సొంత ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం దగ్గర పడింది. కర్టెన్లకు కొలతలు ఇవ్వడానికి వచ్చారనుకుని టేపు తీశాను.

ఆమె చేతిలో సంచి లేదు. ఫ్లెక్సీలు చుట్టే అట్టగొట్టం లాంటి దానికి ఏదో చుట్టి, పైన తెల్ల మల్లుగుడ్డ కప్పి, రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని తెచ్చారు. "చేతులు కడుక్కుని రండి, ఇద్దరూ" అన్నారు. ఇరవై ఏళ్ల వృత్తిలో నన్ను చేతులు కడుక్కోమన్న గిరాకీ ఆమె ఒక్కరే. కడుక్కున్నాం.

బల్ల మీద పరిచారు. మీగడ రంగు నూలు గుడ్డ, దాని మీద ఒక్కటే రంగు, పాత ఇటుక ఎరుపు. ఒక గొర్రెల కాపరి పిల్ల, ఆమె చెప్పులకు రిబ్బన్లు. పక్కన పిల్లనగ్రోవి ఊదే పోరడు, కూలిన గోడ, ఒక కుక్క, బాగా మేసిన గొర్రెలు. గీతలు వెంట్రుకంత సన్నం. గొర్రె ఉన్ని మీద కూడా ఏ వెంట్రుకకు ఆ వెంట్రుక గీసి ఉంది.

"మేడం, గీమె గొర్లు కాసేదాని లెక్క లేదు. పెండ్లికి పోతున్నట్టుంది" అన్నాను.

"ఫ్రాన్సులో దొరల పడగ్గదుల్లో కట్టుకునే గుడ్డ అయ్యా ఇది. నిజంగా గొర్రెలు కాసేవాళ్లను వాళ్లెందుకు గీయించుకుంటారు?" అన్నారు మేడం.

ఆ రోజుల్లో మా ఊళ్లలో ప్రభుత్వం గొర్రెలు పంచుతోంది. మా ఇంటామె వంగి, కళ్లు చిట్లించి చూసి, "చెవులకు బిళ్లల్లేవు. గవర్నమెంటు గొర్లు కావు" అని తేల్చేసింది.

కాస్త కిందికి చూస్తే మళ్లీ అదే పిల్ల, అదే కుక్క, అదే గోడ. ఇంకా కిందికి చూస్తే మళ్లీ. "గీ పోరడు యాడికి పోయినా గిదే పిల్ల ఎంబడి తిరుగుతుండు" అన్నాను. మేడం నవ్వి, బొమ్మ అంతా ఒకే రాగిపలక మీద చెక్కి ఉంటుందని, ఒకసారి అచ్చు వేసి, గుడ్డ జరిపి మళ్లీ వేసేవారని చెప్పారు. రెండు అచ్చులు కలిసేచోట వేలు పెట్టి చూపించారు. అక్కడ కుక్క తోక అతకలేదు. కుక్క ఒక పక్క, తోక ఒక పక్క, మధ్యలో దారమంత ఖాళీ. రెండు వందల ఏళ్ల కింద ఫ్రాన్సు దేశంలో కూడా నా అసుంటివాడు ఒకడు పనిచేశాడని తెలిసి నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఇంతకీ అది మేడం గుడ్డ కాదు, యానాంలో ఆమె అద్దెకున్న ఇంటి మామ్మగారిది. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. మామ్మగారి అత్తింటి పెద్దలెవరో ఒక ఫ్రెంచి దొర దగ్గర పనిచేస్తే, ఆ దొర దేశం వెళ్లిపోతూ తన మంచానికి కట్టుకున్న తెర విప్పి ఇచ్చి పోయాడట. మామ్మగారు ఏటా వానలు తగ్గాక తలుపులు మూసి, పెట్టె తెరిచి, దాన్ని ఒకసారి పరిచి చూసుకుని మళ్లీ చుట్టి పెట్టేవారు. మేడమ్‌ను కూడా పిలిచి చూపించేవారు. తరవాత ఇంట్లోవాళ్లు దాన్ని కత్తిరించి దిండు గలీబులు కుట్టిద్దామని మొదలుపెట్టారు. మామ్మగారు ఎవరికీ చెప్పకుండా మేడం చేతిలో పెట్టారు. అడిగింది ఒకటే: ముక్కలు చెయ్యొద్దు, నీ ఇంట్లో గోడకి కట్టు, నేనొచ్చి చూస్తాను.

"ఇప్పుడు గృహప్రవేశానికి వస్తున్నారు. ఆ వయసులో, రైలెక్కి. ఇల్లు చూడ్డానికి కాదు, దీన్ని చూడ్డానికే" అన్నారు మేడం. "ఆవిడ వచ్చేసరికి ఇది గోడ మీద ఉండాలి. నాకు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. నీ పని అంతే."

అంతే అన్న పనులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. కత్తెర ముట్టుకోనక్కర్లేదన్న మాట ఒక్కటే నాకు నచ్చింది.

వెనక ఒక కొత్త నూలు గుడ్డ వేసి, దానికి ఈ పాతదాన్ని వదులు టాకాలతో పట్టించాలి. బరువంతా కొత్తదాని మీద పడాలి. పైన రాడ్ దూర్చడానికి ఒక గొట్టం కుట్టాలి. మిషను సూది తగలకూడదు, పాత దారాలు తెగుతాయి. కొత్త గుడ్డను ఒక రాత్రి నానబెట్టి, గంజి పోయేదాకా జాడించి, ముడుచుకోవలసినంత ముడుచుకున్నాక ఇస్త్రీ చేశాను. అక్కడితో నా పని అయిపోయింది. మిగిలింది మా ఇంటామె చేతికుట్టు. చాప మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద గొర్రెల్ని పరిచి, ఆమె కూర్చునేది. మేడం రోజూ సాయంత్రం వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకునేవారు. కాపలా అంటే బాగుండదు కాబట్టి కబుర్లు అనేవాళ్లం.

ఆ కబుర్లలోనే ఆ గుడ్డ ఎలా తయారైందో విన్నాను. బడిలో ఇలా చెప్పి ఉంటే ఇంకో ఏడాది కూర్చునేవాణ్ణేమో.

మొదట్లో ఫ్రెంచివాళ్లకు ఈ విద్య తెలియదట. మన సముద్రపు ఒడ్డు నుంచి ఓడల్లో పూల అద్దకం గుడ్డలు వెళ్లేవి. ఉతికినా రంగు పోని నూలు గుడ్డ అక్కడివాళ్లు అంతకుముందు చూడలేదు. దొరసానులు ఎగబడ్డారు. ఇలాగైతే మా పట్టు ఎవరు కొంటారు, ఉన్ని ఎవరు కొంటారు అని అక్కడి నేతగాళ్లు మొత్తుకుంటే, రాజు ఆ గుడ్డలు అమ్మినా కట్టినా తప్పని చట్టం తెచ్చాడు. చాలా ఏళ్లు నడిచింది.

"బంద్ వెట్టినంక మానేసిండ్రా?" అని అడిగింది మా ఇంటామె, దారం కొరుకుతూ.

"ఇంకా ఎక్కువ కట్టుకున్నారు" అన్నారు మేడం.

చట్టం ఎత్తేసిన తరవాత వాళ్లే కార్ఖానాలు పెట్టుకున్నారు. మొదట చెక్క అచ్చులు, తరవాత రాగి పలకలు. ఇక్కడ నేను ఒక మాట అడిగాను, అడిగి తెలివితక్కువవాణ్ణయ్యాను. "ఎర్ర రంగు పలకకు పూసి గుడ్డ మీద అద్దుతరు, గంతే గద?" అన్నాను. కాదట. పలకకు పూసేది రంగే కాదట. పటిక. సందు మొగదల మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దుతారే, ఆ పటికే. దాన్ని నీళ్లలో కలిపి, జిగురు వేసి ముద్దగా చేసి, కంటికి ఆనడానికి ఏదో చిన్న రంగు కలిపి అచ్చు వేసేవారు. అది ఆరిన తరవాత ఆ గుడ్డను పెద్ద తొట్టిలో ముంచేవారు. తొట్టిలో వేడి నీళ్లు, నీళ్లలో ఆవు పేడ.

"పేడనా?" అన్నాను.

"పేడే. అక్కర్లేని జిగురునూ, పట్టని పటికనూ అది లాగేస్తుంది."

"గంత ఫ్రెంచి దొరసాని మంచానికి?"

"దొరసానికి చెప్పి ఉండరు" అన్నారు మేడం.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే ఆ వారమంతా దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. మా ఇంటి వాకిలి కూడా రోజూ ఫ్రెంచి పద్ధతిలోనే అలుకుతామని అందరికీ తెలిసిపోయింది.

పేడ తరవాత మంజిష్ఠ. మూలికల కొట్లో దొరికే ఆ వేరును దంచి, పెద్ద రాగి గంగాళంలో నీళ్లు కాచి, గుడ్డ మొత్తం అందులో వేసేవారు. పటిక ఉన్నచోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. లేనిచోట పైపైన అంటుకుంటుంది. బయటికి తీస్తే గొర్రెలూ పిల్లా ముదురు ఎరుపు, చుట్టూ నేలంతా మురికి గులాబీ. దాన్ని మళ్లీ మళ్లీ తవుడు నీళ్లలో ఉడికించి, ఏటి ఒడ్డున పచ్చిక మీద పరిచేవారు. నీళ్లు చల్లుతూ రోజుల తరబడి ఎండలో ఉంచేవారు. పటిక పట్టుకోని రంగంతా ఎండ తినేసేది. పట్టుకున్నది మిగిలేది. అందుకని ఆ కార్ఖానాలన్నీ ఏరూ, పచ్చికబీడూ ఉన్నచోట చూసుకుని పెట్టుకునేవారట.

"అంటే గీ తెలుపు ఎవరూ ఎయ్యలే" అంది మా ఇంటామె.

"ఎవరూ వెయ్యలేదు. ఎండ తీసింది" అన్నారు మేడం.

కుట్టు ముగింపుకొచ్చే సమయానికి నాకు కొత్తకోటలో పని తగిలింది. బెంగుళూరు రోడ్డు మీద ఒక కొత్త హోటలుకు గదుల తెరలు. లారీల వెలుతురు లోపలికి రాకుండా నల్ల లైనింగు వేసి కుట్టిన దళసరి తెరలు అవి. బిగించి, మిగిలిన నల్లగుడ్డ మూట కట్టుకుని, పొద్దున్నే బస్సు దిగి ఇంటికొచ్చాను. బల్ల మీద గొర్రెలు తయారై ఉన్నాయి. కుట్టు ఎక్కడుందో వెతికినా కనిపించడం లేదు. నాలుగు మూలలా మాత్రం పసుపు కనిపిస్తోంది. తడి పసుపు, బొటనవేలితో ఒత్తి పెట్టింది.

ఇది మా ఇంట్లో ఉన్నదే. కొత్త బట్ట ఏదైనా సరే మూలన పసుపు తాకకుండా ఒంటి మీదికి రాదు. కొత్త ఇంటికి పోయే కర్టెనైతే మా ఇంటామె అన్ని మూలలకూ పెట్టి పంపుతుంది. తిరుమలగిరిలో వాళ్ల అమ్మ అలాగే పెట్టేది.

"గిదేందే?" అన్నాను.

"ఏమైంది? పసుపు."

"గీ బట్టకా?"

"కొత్త ఇంటికి పోతాంది. పసుపు లేకుంట పంపిస్తరా? ఇన్నేండ్ల సంది ఒక్క కర్టెన్ పసుపు లేకుంట గడప దాటలే. ఎవలన్నా తిరిగి తెచ్చిండ్రా?"

"గది కొత్త బట్టనా? మీ తాతల తాత కన్న పెద్దది!"

"బట్ట పాతదైతేంది, ఇల్లు కొత్తదే గద?"

వాదనలో ఓడిన మనిషి ఏదో ఒక పని మీద పడతాడు. నేను సబ్బు మీద పడ్డాను. తడిగుడ్డకు సబ్బు రాసి కింది మూల మెల్లగా అద్దాను. పసుపు పోలేదు. ఎర్రగా మారింది. అలా ఇలా కాదు, మేక మెడ తెగినంత ఎరుపు. గొర్రెపిల్ల కాళ్ల దాకా పాకింది.

"నా పసుపు పచ్చగనే ఉండె. నువ్వేం జేసినవ్?" అంది మా ఇంటామె.

పసుపు పెట్టింది ఆమె, కుంకుమ పెట్టింది నేను. ఇక పూలు ఒక్కటే తక్కువ.

మేడమ్‌కు ఫోన్ ఎవరు చెయ్యాలన్నదాని మీద కాసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ చేతులు మారింది. చివరికి ఆమే చేసింది. "మేడం, జర రాండ్రి. గొర్లు మంచిగనే ఉన్నయి. మూలలే…" అని ఆపేసింది.

మేడం వచ్చారు. అరవలేదు. కళ్లద్దాలు మార్చుకుని నాలుగు మూలలూ వరసగా చూశారు. కింది మూల దగ్గర ఆగి, "సబ్బు ఎవరు పెట్టారు?" అన్నారు. మా ఇంటామె నా వైపు చూసింది. నేను గొర్రెల వైపు చూశాను.

"సున్నం తగిలితే పసుపు ఎర్రబడదూ? మీ ఇంట్లో దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారు?" అన్నారు. చేస్తాం. చిన్నప్పటినుంచి చూస్తూనే ఉన్నాను. సబ్బు కూడా సున్నం చేసిన పనే చేస్తుందని నాకెవరూ చెప్పలేదు, బట్టకు దిష్టి తీస్తానని నేనూ అనుకోలేదు. మేడం దూదిని మంచినీళ్లలో ముంచి, సబ్బంతా పోయేదాకా అద్దారు. ఎరుపు నెమ్మదిగా వెనక్కి తగ్గి మళ్లీ పసుపైంది. అక్కడితో ఆగిపోయింది.

"నిమ్మకాయ రుద్దుదామా మేడం?" అంది మా ఇంటామె.

"వద్దు. పులుపు దారాల్ని తింటుంది."

"ఇగ ఎండకేసుడే. పసుపు ఎండకు నిలవది."

"ఎండకా?" అన్నారు మేడం. మొదటిసారి గొంతు పెరిగింది. "ఆవిడ తలుపులు మూసుకుని గానీ పెట్టె తెరిచేవారు కాదు! పాతగుడ్డకు ఎండ తగలకూడదమ్మా. ఆవిడకి ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఇదొక్కటే మిగిలింది. దీన్ని నేనిప్పుడు డాబా మీద ఆరేస్తానా?"

బయట ఆటోవాడు మిర్యాలగూడ, మిర్యాలగూడ అని అరుస్తున్నాడు. ఊరికే ఉండడం నాకు చేతకాదు.

"మేడం, గడ్డి మీద పరిచి ఎండల పెట్టే దీన్ని తెల్లగ జేసిండ్రంటిరి. దానికి ఎండ కొత్తనా?"

"అప్పుడది పడుచుది. నువ్వు చిన్నప్పుడు ఎండలో తిరిగావని ఇప్పుడూ తిరుగుతావా?"

"తిరుగుతున్న గద మేడం. గందుకే గిట్లున్న."

మేడం నవ్వలేదు. కానీ కుర్చీలో కూర్చున్నారు. గుడ్డ వైపు చూస్తూ తనలో తనే లెక్క వేసుకున్నారు. ఎరుపును పటిక పట్టుకుని ఉంది. పసుపును ఏదీ పట్టుకోలేదు, ఊరికే అంటుకుని ఉంది. ఎండ ముందు తినేది దాన్నే. "మూలలు మాత్రమే. మిగతాది వెలుతురు కూడా చూడకూడదు" అన్నారు చివరికి.

వెలుతురు రానివ్వని గుడ్డ మా ఇంట్లో మూటగా ఉంది. కొత్తకోట హోటలు నల్ల లైనింగు. డాబా సిమెంటు కాలిపోతోంది, పచ్చిక ఎక్కడ తేవాలి? గోనెసంచులు తడిపి పరిచాం, వాటి మీద దుప్పటి, దుప్పటి మీద గొర్రెలు. పైన నల్లగుడ్డ రెండు మడతలు వేసి, అంచుల్లో ఇటుకలు పెట్టాం. నాలుగు మూలలు మాత్రం బయటికి వదిలాం. మేడం ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు కింద కూర్చున్నారు. మేమిద్దరం నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాం. మా ఇంటామె మధ్యమధ్యలో లేచి, చేత్తో మూలల మీద నీళ్లు చిలకరించి వచ్చేది.

పక్క డాబా మీద మామిడి ఒరుగులు ఎండేసే ఆమె మమ్మల్ని చాలాసేపు చూసింది. ఉండబట్టలేక అడిగింది. "ఏందక్కా, ఏం ఆరబోసిండ్రు? ముగ్గురు కావలున్నరు?"

"ఫ్రాన్సు గొర్లు" అన్నాను.

"మేకలు లేవా?" అని అడిగి, జవాబుకు చూడకుండా కిందికి దిగిపోయింది.

మధ్యాహ్నానికి పసుపు అంచులు సన్నబడ్డాయి. పొద్దు వాలేసరికి ఎక్కడుందో మాకు తెలుసు కాబట్టి కనిపిస్తోంది, అంతే. సబ్బు తగిలిన మూల మొండికేసింది. దానికోసం మర్నాడు కూడా పరిచాం. మేడం ఆ రెండు రోజులూ మా ఇంట్లోనే తిన్నారు. ఏం వండామో గుర్తులేదు. ఆమె తినలేదని మాత్రం గుర్తుంది. చెయ్యి కడుక్కుని మళ్లీ పైకి వెళ్లేవారు.

రెండో రోజు నల్లగుడ్డ ఎత్తాం. పసుపు లేదు. ఎరుపు గీతలు చెక్కుచెదరలేదు, గొర్రెపిల్ల కాళ్లతో సహా. మా ఇంటామె చప్పట్లు కొట్టబోయి ఆగింది. పసుపుతో పాటు ఇంకొకటి కూడా పోయింది. నాలుగు మూలలూ తెల్లబడ్డాయి. మిగతా గుడ్డంతా మీగడ రంగు, మూలలు మాత్రం కొత్త మల్లుగుడ్డలా ఉన్నాయి. అన్నేళ్లుగా పెట్టెలో పట్టిన పాతదనాన్ని కూడా నల్గొండ ఎండ తినేసింది. మేమది మీగడ రంగు గుడ్డే అనుకున్నాం. కాదు, తెల్లగుడ్డే.

"మూలలు లోపటికి మడిచి కుట్టేస్తే ఎవలకు తెలుస్తది?" అన్నాను.

"ఆవిడకి తెలుస్తుంది" అన్నారు మేడం. "ఆ కుక్క తోక అతకలేదని నాకు చూపించింది ఎవరనుకున్నావు?"

గృహప్రవేశానికి ముందురోజు సాయంత్రం స్టూలెక్కి గుడ్డ కట్టేశాను. కొలత మా ఇంటామె గీసి ఇచ్చింది, బిగింపు నాది. మర్నాడు హోమం అయ్యాక, జనం పలచబడ్డాక మామ్మగారు వచ్చారు. నేను ఇంకా పెద్ద మనిషిని ఊహించుకున్నాను. చేతికర్ర పక్కన నిలబెడితే కర్రే కొంచెం ఎత్తు. ఎవరు పలకరించినా తల ఊపి, నేరుగా గోడ దగ్గరికి నడిచారు.

ముందు కుక్క తోక చూసుకున్నారు. తరవాత పిల్లను, పోరణ్ణి. కింది మూల దగ్గరికొచ్చి ఆగిపోయారు. వేలు పెట్టి రుద్దారు.

"ఇదేంటమ్మా, ఈ మూల ఇంత తెల్లగా ఉంది?"

మేడం ఏదీ దాచలేదు. పసుపు, సబ్బు, డాబా, ఎండ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశారు. చెబుతున్నంతసేపూ కొంగు చివర చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నారు. మామ్మగారు విన్నారు. చుట్టూ చూసి, మా ఇంటామె మీద చూపు ఆపారు.

"పసుపు పెట్టింది నువ్వా?"

"నేనే అమ్మా" అంది మా ఇంటామె.

"మరేదీ?"

"తీసేసినం."

"తీసేశారా? కొత్తింట్లో కట్టే గుడ్డకి పసుపు లేకుండా ఎలా కట్టేశారే? బానే ఉంది సంబడం! పెట్టమ్మా, పెట్టు."

మా ఇంటామె మేడం వైపు చూసింది. ఆ రోజు ఆ ఇంట్లో పసుపుకు వెతకాల్సిన పనిలేదు. మేడం గిన్నె తెచ్చి ఇస్తూ, "వెనక, వెనక" అని గొణిగారు. మా ఇంటామె మూల ఎత్తి, వెనకున్న కొత్త గుడ్డకు బొటనవేలితో ఒత్తింది. మామ్మగారు గమనించారు. "సర్లే, వెనకైతే వెనక" అన్నారు. మేడం కొంగు చివర వదిలేశారు.

మామ్మగారికి కుర్చీ వేశారు. గుడ్డకు ఎదురుగా కూర్చుని, ఆ తెల్ల మూలనే చూస్తూ, "మా ఆయన నాయనమ్మ చెప్పేది, ఇది ఇంటికొచ్చినప్పుడు మల్లెపూవులా ఉండేదని. ముసల్ది గొప్పలు పోతోందనుకునేదాన్ని" అన్నారు. అన్నాక కర్ర ఊతంగా ముందుకు వంగి, ఆ మూలను ఇంకోసారి వేలితో తడిమారు.

అలాంటిచోట మామూలు మనిషైతే బయటికి నడుస్తాడు. నేను ముందుకు నడిచాను.

"గీ ముక్క ముందుగాల చెప్తే మేం డాబా మీద మాడకపోదుం గదమ్మా. అయిన కాడికి అయింది, మీరు ఊ అంటే మిగిలింది గూడ ఎండకేసి మల్లెపూవు జేసి ఇస్తం."

ఆవిడ మొదటిసారి నన్ను చూశారు. కింది నుంచి పైదాకా చూశారు.

"గోడకి కట్టింది నువ్వేనా అబ్బాయ్?"

"నేనేనమ్మా" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"అయితే మల్లెపూవు సంగతి తరవాత. ముందు ఆ కుడి పక్క బెత్తెడు కిందికి దింపు. గొర్రెలన్నీ ఎడమ పక్కకి జారిపోతున్నాయ్."